పక్క తలుపు వెలుతురులో పెళ్లి

మా గడిలో, దొరల నాటి ఆ పెద్ద ఇంట్లో, మధ్య హాలు కిటికీలు ఎత్తుగా, చిన్నవిగా ఉండేవి. ఎండాకాలం చల్లగా ఉండాలని అలా కట్టారు. అందుకే పట్టపగలు కూడా అక్కడ సాయంత్రంలాగే ఉండేది. చుట్టాలు వచ్చినప్పుడు మా తాత వాళ్లను ఆ హాలులోనే వరుసగా కూర్చోబెట్టి ఫోటో తీసేవారు. మూడు కర్రకాళ్ల మీద కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, లోపలి నుంచే "ఊపిరి బిగవట్టుండ్రి!" అని అరిచేవారు. పెద్దవాళ్లు బిగబట్టేవాళ్లు. పిల్లలం కదిలేవాళ్లం. ఆ ఫోటోల్లో పెద్దవాళ్లకు ముఖాలుంటాయి, మా మెడల మీద మాత్రం పొగ ఉంటుంది.

గడి ఇప్పుడు సగం గోడలు. భూములు ఎలా పోయాయో చెప్పడం మొదలుపెడితే అది వేరే పుస్తకమవుతుంది. ఆ పుస్తకం రాయాలని నాకు లేదు. నేను కామారెడ్డికి వచ్చి స్టేషన్ రోడ్డులో ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. మా వాళ్లలో కొందరు నామోషీ పడ్డారు. ఒకరి పెళ్లికి పోయి పని చేసి వచ్చే మనిషి మా ఇంట్లో అంతకు ముందు లేడు. నాకైతే, నిటారుగా నిలబడి చేయగల పని దొరికిందనిపించింది. డార్క్‌రూంలో ఎర్రబల్బు కింద, నీళ్ల ట్రేలో తెల్లకాగితం మీద ఒక ముఖం మెల్లగా పైకి తేలుతుంటే చూడడం ఎంత బాగుండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు.

ఎల్లారెడ్డి వైపు పెళ్లి అంటే నేను కాదనేవాణ్ని కాదు. మా ఊరు అటే. అక్కడి ముసలివాళ్లు నన్ను ఇంకా దొర అంటారు. ఆ పిలుపు నేను అడిగి తెచ్చుకున్నది కాదు. వద్దని అన్నదీ లేదు.

కొన్నేళ్ల కిందట ఒక మాఘమాసంలో ఆ వైపు పల్లె నుంచి పెళ్లి పిలుపు వచ్చింది. పెళ్లి అక్కడి పాత రాతి చర్చిలో. పెళ్లికూతురి తండ్రి పెళ్లికి కూడా అదే చర్చిలో, రీలు కెమెరా రోజుల్లో, నేనే ఫోటోలు తీశాను. ఈ పిలుపు నాటికి అతను గల్ఫ్‌లో ఉన్నాడు. పెళ్లికి రాలేకపోయాడు. క్రైస్తవులు ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల కాలంలో పెళ్లిళ్లు చేయరు. అతని సెలవు సరిగ్గా ఆ రోజుల్లో పడింది. ఈస్టర్ దాటేదాకా ఆగడానికి పెళ్లికొడుకు వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి శ్రమల కాలం మొదలయ్యే ముందురోజు ముహూర్తం పెట్టారు.

ఆ ఉదయం నేను కామారెడ్డి బస్టాండులో ఉండగా అతనే ఫోన్ చేశాడు.

"దొరా, ఫోటోలు శానా తీయున్రి, నాకు మాత్రం ఒక్కటే గావాలె," అన్నాడు.

"ఏ ఫోటో?"

"అయ్యగారు అడుగుతడు గద, ఒప్పుకుంటున్నవా అని. గప్పుడు నా బిడ్డ మొఖం."

వాళ్లు పాస్టర్‌ను అయ్యగారంటారు. ఆ క్షణమే ఎందుకని అడిగాను. మెల్లగా చెప్పాడు.

"సంబంధం మా బామ్మర్ది సూసిండు. నేను ఈడికెళ్లే ఊ అన్న. పిల్లను ఎప్పుడడిగినా 'నీ ఇష్టం బాపూ' అంటది. అది మాటే గద దొరా. దాని మొఖం నాకు ఎరుకే. మొఖం సూస్తే సమజైతది."

"వీడియో కాల్‌లో చూడు."

"చర్చిల సిగ్నల్ రాదు. గోడలు మీ గడి గోడల లెక్క ఉంటయి."

తీస్తానన్నాను. మాట ఇచ్చాక ఎట్లా తీస్తావు అని అడిగే అలవాటు మా వైపు వాళ్లకు లేదు. అతనూ అడగలేదు.

పెళ్లి పదకొండింటికి. పెళ్లికొడుకు వాళ్లు పెద్దకొడప్‌గల్ వైపు నుంచి డీసీఎం బండిలో రావాలి. అది దారిలో ఆగిపోయింది. మరుసటి రోజుకు వాయిదా వేద్దామంటే శ్రమల కాలం. మధ్యాహ్నం దాటింది. వండిన బగారన్నం, మటన్ చల్లారిపోతున్నాయి. పిల్లలు ఏడుస్తుంటే అయ్యగారే తినండని చెప్పారు.

"ఏం పెండ్లి రా ఇది," అన్నాడొక పెద్దమనిషి విస్తరి ముందు కూర్చుంటూ. "పెండ్లి గాకముందే పెండ్లన్నం తింటున్నం."

"తిను మామా. పిలగాడు రాకుంటే నువ్వే కూసోవాలె పీటల మీద. కడుపు నిండుగుండాలె," అంది వడ్డిస్తున్నామె. పందిరంతా నవ్వింది. నవ్వని మనిషి ఒక్క పెళ్లికూతురి తల్లే. ఆమె రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

డీసీఎం వచ్చేసరికి పొద్దు వాలింది. దానికి తోడు మబ్బు. నేను చర్చిలోకి ముందే పోయి వెలుతురు చూసుకున్నాను. రెండు ట్యూబులైట్లున్నాయి, వాటితో ఎట్లాగో నడుస్తుందనుకున్నాను. అయ్యగారు నా దగ్గరికి వచ్చి, చాలా మర్యాదగా, ప్రమాణాలు మొదలైనప్పటి నుంచి దీవెన అయ్యేదాకా ఫ్లాష్ కొట్టవద్దన్నారు. "అది ప్రార్థన సమయమండి. మొన్న ఒక పెళ్లిలో వీడియోవాళ్లు లైట్లు పట్టుకుని నాకూ పిల్లలకూ మధ్యలో నిలబడ్డారు," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఫ్లాష్ నాకూ పెద్దగా ఇష్టం లేదు. ముఖాన్ని గోడకు అతికించినట్టు చేస్తుంది.

పాట మొదలైంది. పెళ్లికూతురు మేనమామ చేయి పట్టుకుని నడిచి వచ్చింది. తెల్లచీర, తలమీద తెల్లని వల ముసుగు. అప్పుడే కరెంటు పోయింది.

ఇన్వర్టర్ ఉంది కానీ దానికి మైకు మాత్రమే కలిపారు. అయ్యగారి ముందున్న బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలిగించారు. పాట ఆగలేదు. చీకటిలో పాట ఇంకా బాగుంది.

ఆ చర్చిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. నాకు మాత్రం, ఊరి పెద్దలు, మగవాళ్ల వైపు ముందు వరుసలో ఒక కుర్చీ వేశారు. నేను పోగానే దాన్ని కండువాతో తుడిచారు కూడా. కూర్చున్నాను. అట్లా వేసిన కుర్చీలో కూర్చోకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ తెలియదు. అక్కడి నుంచి కెమెరా ఎత్తి చూస్తే పెళ్లికొడుకు భుజం కనబడింది. అతని అవతల నల్లని నీడ. ఆ నీడే పెళ్లికూతురు.

చర్చిలో వెలుతురు ఉన్న చోటు ఒక్కటే. ఆడవాళ్ల వైపు, పీఠానికి దగ్గరగా, పడమరకు ఒక పక్క తలుపుంది. మబ్బు కింద నుంచి ఆఖరి వెలుతురు దాంట్లోంచి వస్తున్నది. పెళ్లికూతురి ఎడమచెంప దాని వైపే ఉంది. కానీ ఆ తలుపు నిండా కుర్రాళ్లు నిలబడి తొంగి చూస్తున్నారు.

ఆ ఫోటో కావాలంటే నేను కుర్చీ వదిలి, అంతమంది ముందు నుంచి, ఆడవాళ్ల చాపల మీదికి పోవాలి. అయ్యగారు వాక్యం చదవడం మొదలుపెట్టారు. ఎంతసేపు ఆలోచించానో చెప్పలేను. గల్ఫ్‌లో ఒక మనిషి ఫోన్ చేతిలో పట్టుకుని ఉంటాడన్నది మాత్రం గుర్తుంది. లేచాను.

తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. మామూలుగా నేను అట్లా నిలబడితే జనం జరుగుతారు. ఈ కుర్రాళ్లు జరగలేదు.

"ఏంది సార్?" అన్నాడొకడు.

"వెలుతురుకు అడ్డం వస్తున్నరు."

"మేము గూడ సూడాలె గద. పెండ్లి మాది."

నిజమే. పెళ్లి వాళ్లది. "జర జరుగున్రి తమ్మీ," అన్నాను. "ఆ పిల్ల బాపు దుబాయ్‌ల కూసుండి సూడాలె."

ఆ మాటకు వాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ పక్కకు జరిగారు. నన్ను అడిగినవాడే మిగిలినవాళ్లను బయటికి నెట్టాడు. వెలుతురు లోపలికి వచ్చింది.

ముందు వరుసలో నలుగురైదుగురు ముసలమ్మలు కూర్చున్నారు. అందరివీ తెల్లచీరలే. తలుపులోంచి వచ్చిన వెలుతురు ఆ చీరల మీద పడి, అక్కడి నుంచి పైకి లేచి, పెళ్లికూతురి గడ్డం కింద, ముసుగు లోపల పడుతున్నది. అంత మంచి వెలుతురు నేను స్టూడియోలో ఎంత ఖర్చుపెట్టినా తేలేను. చేతితో సైగ చేసి, కదలవద్దని వాళ్లకు చెప్పాను.

"మేమేం జేసినం దొరా?" అని గుసగుసగా అడిగింది వాళ్లలో పెద్దామె.

"మీ చీరలతోనే పిల్ల మొఖం కనబడుతుంది. గట్లనే కూసోండి."

"గట్లనా! సబ్బు పెట్టి ఉతికినందుకు పనికొచ్చింది," అని పక్కామెను మోచేత్తో పొడిచింది. "మరి నువ్వు గట్ల తాడిచెట్టు లెక్క నిలబడితే ఎనక ఆడోళ్లకు ఏం గనబడ్తది? కూసో. చాపలు గుచ్చుకుంటయా దొరోళ్లకు?"

వెనక ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను కింద కూర్చున్నాను.

తక్కువ వెలుతురులో కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపు చేయి కదలకూడదు. స్టాండు కుర్చీ దగ్గరే ఉండిపోయింది, తెచ్చుకునే సమయం లేదు. మోకాళ్లు ముడుచుకుని మోచేతులు వాటి మీద ఆనించాను. అది చాలలేదు. మా ఇంట్లో పదిమంది ఉన్నచోట గోడకు వీపు ఆనించడమంటే మర్యాద తప్పడం. తాత చూస్తే పేరు పెట్టి గద్దించేవారు. ఆ సున్నపు గోడకు వీపు పూర్తిగా ఆనించి, తలకూడా ఆనించాను. గోడ చల్లగా ఉంది. సున్నం వాసన వచ్చింది. వానకాలంలో మా మధ్య హాలులో వచ్చే వాసనే. ఒక్క క్షణం నేనెక్కడున్నానో మరిచిపోయాను.

అయ్యగారు పెళ్లికొడుకును అడిగారు. అతను ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. "గట్టిగ చెప్పు బాబూ," అన్నారు అయ్యగారు. రెండోసారి చెప్పాడు.

తర్వాత ఆమె వైపు తిరిగారు. నేను ఊపిరి వదిలి, మళ్లీ తీసుకోలేదు.

పెళ్లిళ్లలో నేను ఎప్పుడూ ఒక మాట చెబుతాను, కెమెరాలోకి చూడవద్దని. అయ్యగారిని చూడాలి, పెళ్లికొడుకును చూడాలి, లేకపోతే నేల చూడాలి. ఈ పిల్లకు కూడా పొద్దున చెప్పాను. తల ఊపింది. అయ్యగారి ప్రశ్న పూర్తి కాగానే ఆమె నేల చూపు వదిలి, తల ఎడమకు తిప్పి, కింద కూర్చున్న నా వైపు, నేరుగా కెమెరాలోకి చూసింది. "అవును," అంది. గోడలకు తగిలేంత గట్టిగా అంది. ముసలమ్మలు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది. నేను నొక్కాను.

పుస్తె కట్టడం, దీవెన, అన్నీ తీశాను. కానీ ఆ ఒక్కటి ఎట్లా వచ్చిందో చూసుకోవడానికి నాకు ధైర్యం రాలేదు. బయటికి వచ్చాక పందిరి పక్కన నిలబడి చూశాను. ఫోటో నిండా ఇసుక చల్లినట్టుంది. ముసుగు అంచు కదిలి పొగలాగా అయింది. పెళ్లికొడుకు దాదాపు లేడు. నా స్టూడియో నుంచి అటువంటి ఫోటో అంతకు ముందు బయటికి పోలేదు. కళ్లు మాత్రం కదలలేదు. నవ్వబోతున్న పెదవి కదలలేదు.

పెళ్లికూతురి తల్లి నా పక్కకు వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుని తెర మీదికి వంగి చూసింది.

"బాగు చేసి రెండు రోజుల్లో పంపుతాను," అన్నాను.

"ఏం బాగు జేస్తరు?"

"ఇది... జర చీకటిగా ఉంది."

"చీకటి గాక? కరెంటు పోయె గద," అంది. "ఆయన పొద్దటి సంది ఏం తినలే. ఇప్పుడే పంపున్రి దొరా."

సిగ్నల్ కోసం రోడ్డు దాకా నడిచాం. ఆమే ముందు నడిచింది. కల్వర్టు దగ్గర నిలబడి, కెమెరా నుంచి ఫోన్‌లోకి తీసి, ఉన్నదున్నట్టు పంపాను. మొక్కజొన్న చేలలోంచి చల్లగాలి వస్తున్నది. ఇద్దరమూ ఆ చిన్నతెర వైపే చూస్తూ నిలబడ్డాం. అతను చూసినట్టు ఫోటో కింద నీలం టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ఫోన్ మోగింది. ఆమె తీసుకోలేదు, నన్నే మాట్లాడమంది.

"దొరా," అన్నాడు. "బిడ్డ ఎటు సూస్తున్నది?"

"నీ దిక్కే."

"నా దిక్కా?"

"చూడవద్దని నేను చెప్పిన. వినలే. నీకు కనబడాలనే చూసింది."

అవతల ఎవరో హిందీలో అతన్ని పిలిచారు. బస్సు ఇంజను చప్పుడు వచ్చింది.

"దాని తల్లిని గూడ గిట్లనే సూసిన మా పెండ్లి దినం," అన్నాడు. "మంచిగుంది దొరా. పిల్లకు ఇష్టమే. ఇగ నేను డ్యూటీకి పోత."

ఫోన్ పెట్టేశాడు. ఏమన్నాడని ఆమె అడిగింది. చెప్పాను. ఆమె కొంగు దులిపి భుజం మీద వేసుకుని, "అయితే నడువున్రి, అన్నం తిందురు. మళ్ల వేడి జేసినం," అంది.