వేపచెట్టు కింద చుట్టుదారి

తమిళనాడులో మా ధర్మపురి పార్కులో నన్ను దారి అడగకుండా కొత్తమనిషి ఒక్కడు కూడా లోపలికి పోయేవాడు కాదు. రోజుకు వందమంది అడిగేవారు. వంద అంటే మీరు నమ్మరని తెలుసు, నేనూ నమ్మను. పదిమంది. ఆదివారమైతే పదిహేను, అందులో ఇద్దరు టైము అడిగినవాళ్ళు.

పార్కు పెద్దదేమీ కాదు. వేసినవాడు ఎవడోగాని దారులన్నీ వంకరగా వేశాడు. గేటు దాటి నాలుగు అడుగులు వేస్తే ఒక వేపచెట్టు, అక్కడ దారి మూడుగా చీలుతుంది. మూడూ ఒకేలా ఉంటాయి, అదే ఎర్ర ఇటుక, అదే కత్తిరించిన పచ్చకంచె. ఒకటి పిల్లల ఊయలల దగ్గరికి, ఒకటి మరుగుదొడ్డికి. కుడివైపు మూడోది నీళ్ళులేని కొలను చుట్టూ తిరిగి మళ్ళీ వేపచెట్టు దగ్గరికే వస్తుంది. పార్కు మొత్తానికి బోర్డు ఒక్కటే, పూలు కోయవద్దని. కోయడానికి పూలు లేవు. ఆ వేపచెట్టు కింద ఉన్న సిమెంటు బెంచీ మీద ఉదయం ఎనిమిదిన్నర నుంచి నేను ఉంటాను.

ఎనిమిదింటికల్లా మా ఇల్లు ఖాళీ. కొడుకు కంపెనీ బస్సుకు, కోడలు ఆసుపత్రిలో డ్యూటీకి, మనవడు బడికి. నా భార్య పోయి మూడేళ్ళు. ఆమె ఉన్నప్పుడు ఇంట్లో తెలుగులో తిట్లయినా వినబడేవి. ఇప్పుడు మనవడు నా తెలుగుకు తమిళంలో బదులిస్తాడు, అదీ ఫోను మీంచి తల ఎత్తకుండా. కొన్ని రోజులు సాయంత్రం దాకా నా గొంతు పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే నేనే ఒకసారి దగ్గి చూసుకోవాలి.

ఒక అమ్మాయి రోజూ పార్కుకు రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు చూసినప్పుడు దొంగ అనుకున్నాను. మెడలో కార్డు, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు, ఎర్ర పెన్ను. పార్కుకు కొత్తగా వచ్చినవాళ్ళ వెనకాలే పదడుగుల దూరంలో నడిచేది. వాళ్ళు ఆగితే ఆగేది, తిరిగితే తిరిగేది, ఏదో గీసుకునేది. మూడోరోజు నా బెంచీ చివర కూర్చుని ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడింది.

"తిన్న్యా మా. ఇడ్లీనే. లేదు మా, నీడలోనే ఉండా. సాయంత్రం బస్సుకు వస్తా."

మా ఇళ్ళ తెలుగు. ఆ ఫోను పెట్టేదాకా ఓపిక పట్టడానికి నేను పడ్డ కష్టం దేవుడికే తెలుసు.

"ఏ ఊరు పాపా మీది?"

"కంబైనల్లూరు తాతా. మీరూ మనోళ్ళేనా?"

"మనోళ్ళే. ఏందిది, జనాల వెంబడి పడి తిరగతా ఉండావు? పోలీసా?"

ఆ పిల్ల నవ్వింది. చెన్నైలో డిజైను చదువు, ఆఖరి సంవత్సరం. ఒక పార్కు ఎంచుకుని, దాంట్లో కొత్తవాళ్ళు ఎక్కడ తడబడతారో చూసి, ఎక్కడ ఏ బోర్డు పెట్టాలో, దాని మీద ఏ బొమ్మ వేయాలో తేల్చాలట. సొంత జిల్లాలో పార్కు అయితే ఇంటి అన్నం దొరుకుతుందని ఇక్కడికి వచ్చింది.

"ఎవుర్నీ అడక్కుండానే పోవాల తాతా. అప్పుడే బోర్డు మంచి బోర్డు."

ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు.

మా వైపు ఎవరైనా దారి అడిగితే వెంటనే చెప్పేయడం మర్యాద కాదు. ముందు ఏ ఊరని అడగాలి. తరువాత ఎవరింటివాళ్ళని అడగాలి. వాళ్ళది అదియమాన్‌కోట్టై అని తెలిస్తే, అక్కడ మా పెద్దమ్మ ఉండేదని చెప్పాలి. ఆ తరువాత దారి. దారి తెలియకపోయినా ఎవరూ తప్పుపట్టరు, ఊరు అడగకపోతేనే తప్పు. ఆ పిల్ల ఎదురు బెంచీ నుంచి ఫోనులో గడియారం పెట్టి నన్ను కూడా కొలిచింది. వాళ్ళు అడగడానికి నాలుగు సెకండ్లు, నేను చెప్పడానికి ఆరు నిమిషాలు.

"తాతా, ఆయన పాపం బాత్రూముకు దారి అడిగినాడు. వాళ్ళ చిన్నాయన పెండ్లి సంగతి నీకేంటికి?"

"అంత అర్జెంటేం లేదులే పాపా. మొగం చూస్తే నాకు తెలీదా?"

ఈ పార్కు ప్లాను గీసింది నేనేనని ఆమెకు చెప్పాను. సర్వే శాఖలో నన్ను అడగకుండా కలెక్టరు కూడా గీత గీసేవాడు కాదన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. నేను సర్వేలో పనిచేసిన మాట నిజమే. సర్వేయరు కొలిచేవాడు, నేను గొలుసు రెండో కొస పట్టుకుని ముళ్ళకంపలో నిలబడేవాణ్ణి. కలెక్టరును ఒకసారి చూశాను, ఆయన జీపు లేపిన దుమ్ములో.

ఒకరోజు ఆమె అడిగింది. "తాతా, కొత్తోళ్ళు ఏడికి పోవాలన్నా ముందు కుడిపక్క కొలను దారే పట్టతా ఉండారు. ఏంటికంటావు?"

నా దగ్గర జవాబు లేని ప్రశ్న ఇంతవరకు పుట్టలేదు. "మనది సేద్యం చేసే జనం పాపా. మన కాళ్ళకు నీళ్ళ దిక్కు తెలుస్తాది. ఎండిపోయిన గుంటయినా సరే, కాలు ఆపక్కకే లాగతాది."

ఆమె గబగబా రాసుకుంది. నా మాట ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికి పోయి మనవడికి చెప్పాను, నా మీద పుస్తకం రాస్తున్నారని. వాడు "సూపర్" అన్నాడు, తల ఎత్తలేదు.

మూడు వారాలు గడిచాక ఒక ఉదయం ఆమె పార్కు పటాన్ని బెంచీ మీద పరిచింది. తను వెంబడించిన ప్రతి మనిషి నడక ఒక ఎర్రగీత. గీతలన్నీ గేటు నుంచి వచ్చి, కొలను చుట్టూ తిరిగి, వేపచెట్టు దగ్గరికే వచ్చి పడ్డాయి. మేకుకు దారం చుట్టినట్టు ఉంది. ఆ మేకు నా బెంచీ.

"చూడు తాతా, నువ్వు చెప్పినట్లే ఉండాది! దీనికి 'నీళ్ళ దిక్కు' అనే పేరు పెట్టినా. పోయిన పరీక్షలో మా మేడం ఏమనిందో తెలుసునా? ఇది డిజైను కాదు, పార్కులో ముచ్చట్లు అనింది. వచ్చేవారం గట్టిగా ఏదన్నా చూపించకపోతే ఈ ఆరునెల్లూ మళ్ళీ మొదటినుంచీ చదవాల. ఇదే చూపిస్తా."

బాగుందన్నాను.

ఎవరి కాళ్ళకూ ఏ నీళ్ళూ తెలియవు. వాళ్ళను ఆ దారిలో పంపింది నేను. ఊయలలు అడిగినా, మరుగుదొడ్డి అడిగినా, బయటికి పోయే గేటు అడిగినా కొలను దారే చూపించేవాణ్ణి. పెద్దమ్మ సంగతి పార్కంతా వినబడేలా చెప్పి, దారి ముక్క మాత్రం మెల్లగా చెప్పేవాణ్ణి, ఆ పిల్ల చెవిన పడకుండా. ఎందుకంటే ఆ దారి పట్టినవాడు తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాడు. వచ్చి, "ఏం పెద్దాయనా, ఇట్లా తిప్పితివి?" అని చికాకు పడతాడు. "అయ్యో, మలుపు దాటిపోయినట్టున్నావు, కాస్త కూర్చో" అంటాను. కొందరు కూర్చుంటారు. సోగత్తూరు నుంచి వచ్చిన ఒకాయన ముప్పావుగంట కూర్చుని, తన బోరు ఎన్ని అడుగులు పోయిందో, ఎక్కడ రాయి తగిలిందో అంతా చెప్పాడు. ఆ రోజు ఇంటికి పోయి హాయిగా అన్నం తిన్నాను.

చెప్పకపోతే ఆ పిల్ల పోయి నా అబద్ధాన్ని మేడం ముందు నిలబెడుతుంది. చెబితే ఇక్కడ సరైన బోర్డు వస్తుంది, ఆ తరువాత ఈ బెంచీ దగ్గర ఆగేవాడు ఉండడు. ఆ పిల్ల కూడా ఉండదు. రెండురోజులు నేను నోరు విప్పలేదు. ఆలోచించానని గొప్పగా చెప్పుకోవచ్చు. భయపడ్డాను, అంతే.

మూడోరోజు ఆమె రాగానే మొదలుపెట్టాను. "పాపా, ఈ పార్కులో నేను వెయ్యిమందికి దారి తప్పించినాను."

"పో తాతా, మళ్ళీ కతలా?"

"వెయ్యి కాదులే. నీ పటంలో ఎందురుండారో అందురు."

ఆమె నవ్వు ఆగిపోయింది. చెప్పాను. మెల్లగా చెప్పిన దారి ముక్క, కొలను, అంతా. గొలుసు సంగతి కూడా చెప్పేశాను, పనిలో పనిగా. ఆ పిల్ల పటం మీద ఒక ఎర్రగీతను పట్టుకుని కొలను చుట్టూ వేలు తిప్పింది.

"ఏంటికి తాతా?"

"నడిస్తే ఆరోగ్యమని."

"తాతా."

"మళ్ళీ వస్తారని పాపా. తిట్టడానికైనా వస్తారు కదా."

ఆమె కాగితాలు సర్దుకుంది. "మూడువారాల పని" అని మాత్రం అంది, అదీ నాతో కాదు. గేటు వైపు పోయింది. మరుసటిరోజు రాలేదు. ఆ మరుసటిరోజూ రాలేదు. ఆ రెండురోజులు దారి అడిగినవాళ్ళకు సరైన దారే చెప్పాను. నలుగురు పోయారు, ఎవరూ తిరిగి రాలేదు.

తరువాతిరోజు ఉదయం ఆమె చంకలో అట్టలు పెట్టుకుని దిగింది. నీలం రంగు అట్టల మీద తెల్లగా తమిళ అక్షరాలు, ఊయల బొమ్మ, ఆడ మగ బొమ్మలు, బాణాలు. నాతో మాట్లాడకుండానే ఒకటి వేపచెట్టుకు తాడుతో కట్టింది. కట్టాక నా వైపు తిరిగింది.

"నీ మీద కోపం పోలేదు. అది వేరే. ముందు పటంలో నువ్వుండావు, బోర్డు లేదు. ఇప్పుడు నువ్వూ ఉండాల, బోర్డూ ఉండాల. రెండు పటాలూ మేడంకు చూపిస్తా, నువ్వు చేసిందీ చెప్తా. నువ్వు ఈడనే కూసో. నీయంతట నువ్వు పిలవకూడదు. ఎవురన్నా అడిగితే సరిగ్గా చెప్పు, ఈ కాగితంలో ఒక గీత గియ్యి. నేను దూరంగా ఉంటా."

"ఊరు అడగొచ్చునా?"

"వాళ్ళు అడిగితేనే తాతా."

కూర్చున్నాను. ఆఫీసు సంచీతో ఒకడు వచ్చాడు, బోర్డు చూశాడు, పోయాడు. నడిచే వేగం కూడా తగ్గించలేదు. ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చారు, చూశారు, పోయారు. పదకొండింటికి ఒక ముసలామె మనవరాలిని లాక్కుంటూ వచ్చి చెట్టు దగ్గర ఆగింది. అక్షరాలు రావని నిలబడిన తీరులోనే తెలిసింది. బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను కాగితం గట్టిగా పట్టుకున్నాను.

"రా మే, ఈపక్కన బొమ్మ ఉండాది చూడు" అని మనవరాలితో అంది. తెలుగులో. ఊయలల దారి పట్టి పోయింది. ఆమె ఏ ఊరో నాకు ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం రెండింటికి కాగితం తెల్లగా ఉంది. ఒక్కరూ అడగలేదంటే నమ్మేలా ఉందా? నేను ఒక గీత గీశాను. చిన్నదే. ఇంకొకటి గీయబోయి ఆగాను.

నాలుగింటికి ఆమె వచ్చి కాగితం తీసుకుంది. "ఒక్కరేనా! ఏమడిగినారు?"

"కొట్టెయ్ పాపా. అది నేను గీసుకున్నది."

"అంటే ఎవురూ అడగలేదా?"

"ఎవురూ అడగలేదు."

ఆ పిల్ల ఎగిరి గంతేసింది. పార్కులో అందరూ చూస్తున్నా సరే గంతేసింది. నా గీతను ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన సున్నా పెట్టింది. నా చేయి పట్టుకుని ఊపింది కూడా. ఇంత సంతోషం ఒక మనిషికి నా వల్ల కలిగి చాలా ఏళ్ళయింది. ఆ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

అన్ని అట్టలూ విప్పుకుని వచ్చి చివరికి వేపచెట్టు దగ్గర ఆగింది. ముడి మీద చేయి వేసి, విప్పకుండా నన్ను చూసింది.

"ఇది తీసుకుపొమ్మంటావా తాతా, ఉండనీయనా? నువ్వు చెప్పు. ఎట్లయినా వాన పడితే నానిపోతాది."

తీసుకుపొమ్మంటే తీసుకుపోయేదే. "ఉండనీ" అన్నాను. ముడి వదులుగా ఉంటే తాడు కొస నేను పట్టుకున్నాను, ఆమె బిగించింది. తరువాత కంబైనల్లూరు బస్సుకు పోయింది.

పదిహేను రోజులయింది. నేను రోజూ వస్తాను. జనం బోర్డు చూస్తారు, పోతారు. నిన్న మధ్యాహ్నం పడమటి నుంచి మబ్బు కమ్మింది. ఆ బోర్డు తడవకుండా నిలబడి గొడుగు పట్టానని రాయాలని ఉంది. గొడుగు కాదు. ఇంటికి పోయి కోడలు దాచిన ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి, అట్టకు తొడిగి, కింద ముడి వేశాను. చినుకు కూడా పడలేదు. ఎవరో ఒకాయన కవరులోంచి బొమ్మ చూసుకుని మరుగుదొడ్డి వైపు పోయాడు.