రెండో వాక్యం

మా అక్క మందుల మోతాదుల మీద పరిశోధన చేస్తుంది. ఏ మందు ఏ వయసువాళ్ల ఒంట్లో ఎంతసేపు నిలుస్తుంది, ఎంత వేస్తే మేలు, ఎంత దాటితే కీడు అన్నది ఆమె పని. ముప్పైకి పైగా పేపర్లు అచ్చువేసింది. వాటిలో చాలావాటిని ఆమె, ఆమె విద్యార్థులు తప్ప పట్టించుకున్న నాథుడు లేడు. ఒక్కటి మాత్రం పేరు తెచ్చింది.

నరాల నొప్పికి వాడే ఒక మాత్ర గురించి రాసిన పేపర్ అది. దాని సారాంశంలో మొదటి వాక్యం, ఈ మందు పూర్తి మోతాదు వృద్ధులకు సురక్షితమని అందరూ నమ్ముతున్నారు అని. రెండోది, ఆ నమ్మకం తప్పని, కిడ్నీలు మందగించినవాళ్లకు దానివల్ల మగత, మతిమరుపు వస్తున్నాయని, వాళ్లకు సగం చాలని.

ఎవడో మహానుభావుడు మొదటి వాక్యం చదివి ఆపేశాడు. పూర్తి మోతాదు సురక్షితమని మా అక్క నిరూపించిందంటూ తన పేపర్లో రాసుకున్నాడు. అతన్ని చూసి ఇంకొకడు, వాణ్ని చూసి మరొకడు. అసలు పేపర్ తెరిచే ఓపిక ఒక్కడికీ లేకపోయింది. నేను బడిలో లెక్కలు చెబుతాను. పక్కవాడి పుస్తకం చూసి రాస్తే గోడకుర్చీ వేయిస్తాను. వీళ్లకేమో ప్రమోషన్లు ఇస్తారు.

ఆ పేపర్‌ని ఉటంకించినవాళ్లు వెయ్యి దాటారు. మొదట్లో అక్క మురిసిపోయింది, ఆమెను చూసి మేమూ మురిసిపోయాం. ఎవరేం రాశారో తీరిగ్గా చదివిన రోజున ఆమె అన్నం ముట్టలేదు.

తన పేపర్ వేసిన పత్రికవాళ్లకు రాసింది. మీ పేపర్లో తప్పేమీ లేదు కదా, దేన్ని దిద్దమంటారు అన్నారు వాళ్లు. మొదట తప్పు చదివినాయనకే రాసింది. ఆయన ఎంతో మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, తన కొత్త పేపర్లో కూడా ఆమెను ఉటంకించానని శుభవార్త వినిపించాడు. అక్క అది నాకు చదివి వినిపించి ఏడవలేక నవ్వింది.

ఇక మిగిలింది వాళ్ల విభాగాధిపతి. సంస్థ తరఫున ఒక వివరణ ఇద్దామని ఆయన్ని బతిమాలింది. ఆయన వింటూనే టీ చల్లార్చుకున్నాడట.

"నీ ప్రొఫెసర్ ప్రమోషన్ ఫైలు నా టేబుల్ మీదే ఉందమ్మా. ఎలా ఉటంకించినా లెక్క లెక్కే. ఇప్పుడు దీన్ని కెలక్కు."

"ఎవరైనా పెద్దావిడకి ఏదైనా అయితే, సార్?"

"అయితే అది రాసిచ్చిన డాక్టరు చూసుకుంటాడు" అన్నాడాయన.

అక్క ప్రొఫెసరైంది. పూలగుత్తి ఇచ్చి ఫొటో తీశారు. ఆ ఫొటోలో ఆమె మొహం చూస్తే ఎవరో కొట్టినట్టే ఉంటుంది.

అమ్మ పోయాక మమ్మల్నిద్దర్నీ పెంచింది మా పిన్ని. ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు, పిన్ని తూలి పడిందని, తుంటి ఎముక విరిగిందని. ఆస్పత్రికి వెళ్లాం. పిన్ని కళ్లు సగం తెరిచి, "ఎవరమ్మా మీరు?" అంది అక్కని. పక్కనున్న బల్ల మీద మాత్రల అట్ట కనబడింది. కాళ్ల మంటలకని కొన్ని వారాలుగా వాడుతోందట. అదే మందు, పూర్తి మోతాదు. అక్క మంచం కడ్డీకి తగిలించిన రిపోర్టు తీసి చూసింది. పిన్ని కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయి.

రాసిచ్చిన కుర్ర డాక్టరు వచ్చాడు. కిడ్నీలు ఇలా ఉంటే అంత మోతాదు ఎందుకిచ్చారని అక్క అడిగింది.

"పరవాలేదు మేడమ్, దీనిమీద పెద్ద పేపరే ఉంది" అని అతను ఫోన్లో తీసి చూపించాడు.

"రెండో వాక్యం చదవండి."

చదివాడు. సగంలోనే గొంతు తగ్గిపోయింది.

"అది రాసింది ఈవిడే" అన్నాను నేను, కసికొద్దీ. అక్క నన్ను వారించింది.

మోతాదు తగ్గించారు. పిన్నికి తెలివి వచ్చింది, మమ్మల్ని గుర్తుపట్టింది, అన్నం తిన్నారా అని కూడా అడిగింది. కానీ మంచం దిగలేకపోయింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఆ నెల తిరక్కుండానే పోయింది.

కుర్ర డాక్టరు జరిగిందంతా దాచకుండా రాసి అచ్చువేయించాడు. అందులో పిన్ని పేరు లేదు, ఒక వృద్ధురాలు అని ఉంది. మా అక్క పేపర్‌ని ఉటంకించాడు, రెండు వాక్యాలూ. దాన్ని సరిగ్గా చదివి రాసినవాడు మాకు తెలిసి అతనొక్కడే. అందుకు మా పిన్ని పోవలసి వచ్చింది.