కుర్చీకి పెట్టిన దండాలు

నంద్యాల జిల్లా ఏర్పడిన మరుసటి వేసవిలో విద్యుత్ పంపిణీ సంస్థలో నాకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పదోన్నతి వచ్చింది. పోస్టింగు నంద్యాల డివిజన్. ఆళ్లగడ్డ సబ్‌డివిజన్ దాని కిందికే వస్తుంది. అక్కడ డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ఉన్నది ఓబులేసు. ఇద్దరం ఒకే విడతలో ఉద్యోగంలో చేరాం. మొదటి పోస్టింగు నాది పగిడ్యాల, అతనిది వెలుగోడు. ఆ ఉత్తర్వు వచ్చేదాకా ఇద్దరిదీ ఒకే హోదా.

ఫోన్లలో వాట్సాప్ వచ్చినప్పటి నుంచీ ఓబులేసుకు బొమ్మల పిచ్చి పట్టుకుంది. నా పరిధిలో ఎక్కడైనా ఫీడరు ట్రిప్పయితే, అంటే లైనులో కరెంటు దానంతట అదే ఆగిపోతే, పావుగంటలో అతని నుంచి తాబేలు బొమ్మ వచ్చేది. ఆ తాబేలు నేనే. అతని లైను పోతే నేను గుర్రుపెట్టి నిద్రపోయే ముఖం పంపేవాణ్ణి. పని గురించి ఏదైనా తిక్క మాట రాశానంటే గాడిద వచ్చేది. ఆ గాడిదను చూశాక నేను రాసిందేమిటో మళ్లీ చదువుకునేవాణ్ణి. చాలాసార్లు గాడిదదే న్యాయం.

ఇదంతా మా ఇద్దరి మధ్యనే. డివిజన్ గ్రూపు సంగతి వేరు. అందులో సూపరింటెండింగ్ ఇంజనీరు, మా అందరికీ పెద్దసారు, ఉంటారు. ఏ లైను ఎప్పుడు పోయింది, కారణమేమిటి, ఎప్పుడు ఇచ్చాం అన్న మూడు విషయాలు గ్రూపులో పెట్టాలి. ఇది రాసి ఉన్న నియమం. రాయని నియమం ఇంకొకటుంది. బొటనవేలు బొమ్మ పైవాళ్లు కిందివాళ్లకు పెట్టేది, కిందివాళ్లు పైవాళ్లకు చేతులు జోడించిన దండం బొమ్మే పెట్టాలి. కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజనీరు శైలజ ఒకసారి పెద్దసారు ఆదేశానికి బొటనవేలు పెట్టింది. ఓబులేసు వెంటనే ఫోన్ చేసి, “ఏందమ్మా, పెద్దసారుకు బొటనేలు సూపిస్తాండావ్? తీసేసి దండం పెట్టు” అన్నాడట. అతనే నాకు చెప్పి పడీపడీ నవ్వాడు.

నా పదోన్నతి ఉత్తర్వు వచ్చిన రోజు అతని నుంచి గాడిదో తాబేలో వస్తుందని ఎదురుచూశాను. మర్నాడు పొద్దున ‘అభినందనలు సార్’ అని వచ్చింది, పక్కన రెండు దండాలు. వేళాకోళం చేస్తున్నాడనుకుని నవ్వే ముఖం పంపాను. దానికీ దండమే వచ్చింది. ఆ తర్వాత ఏం పంపినా అంతే.

నేను బాధ్యతలు తీసుకున్న కొద్దిరోజులకే పెద్ద గాలివాన వచ్చింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు పల్లెల సబ్‌స్టేషన్లకు కరెంటు తీసుకుపోయే పెద్ద లైను పొలాల్లో పడిపోయింది. వరసగా స్తంభాలు విరిగాయి. ఊళ్లలో మంచినీళ్ల మోటార్లు ఆగిపోయాయి. లైను ఎప్పటికి వస్తుందని పెద్దసారు గ్రూపులో అడిగారు. రేపు సాయంత్రానికి అవుతుందా అని ఓబులేసును అక్కడే అడిగాను. దండం వచ్చింది. రేపు సాయంత్రానికి ఇస్తామని పెద్దసారుకు రాశాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లి చూస్తే అక్కడంతా నల్లరేగడి. వాన పడిన రేగడిలోకి క్రేన్ దిగదని ఈ జిల్లాలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. క్రేన్ రోడ్డు మీదే ఉంది. ఓబులేసు మోకాళ్ల లోతు బురదలో నిలబడి మనుషుల చేత స్తంభాలు మోయిస్తున్నాడు. తీసిన గుంటలు తీసినట్టే నీళ్లతో నిండుతున్నాయి. నేను గట్టు దిగుతుండగానే ముందు మోసేవాడి కాలు జారింది. స్తంభం భుజాల మీద నుంచి దొర్లి, అతని కాలికి జానెడు దూరంలో బురదలో దిగబడింది. వెంటనే పని ఆపించాను. నేల ఆరి క్రేన్ దిగడానికి ఇంకో రెండు రోజులు పడుతుందని, అంతవరకు ట్యాంకర్లతో నీళ్లివ్వాలని పెద్దసారుకు రాశాను. ఆయన బొటనవేలు పెట్టారు.

కాళ్లు కడుక్కుంటున్న ఓబులేసు దగ్గరికి వెళ్లి, అది కాని పని అని నిన్ననే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. అతను చెంబు కింద పెట్టాడు.

“నిన్నైతే తిడ్తుంటినప్పా. రేగడిలో క్రేన్ యాడ దిగుతాది, తిక్కలోడా అంటుంటి. ఆ కుర్చీకి ఎట్ల చెప్పేది?” అని, తలెత్తి లైన్‌మెన్లు వింటున్నారని గమనించి, “...సార్” అన్నాడు.

ఆ ఒక్క నిమిషం నా పాత ఓబులేసు దొరికాడు. నాకు కళ్లనీళ్లు వచ్చినంత పనయింది. మనం ఎప్పటిలాగే ఉందామని, నన్ను ఎప్పటిలాగే తిట్టమని అడిగాను. సరే సార్ అన్నాడు. నిజంగానే సరేనన్నాడనుకుని సంతోషంగా నంద్యాల చేరుకున్నాను. ఆ తర్వాత మూడో రోజు లైను వచ్చింది. ఆ కబురూ దండంతోనే వచ్చింది.

నేను పదవీ విరమణ చేసిన రోజు గ్రూపు నిండా దండాలు, పూలగుత్తులు. మా శాఖ ఆనవాయితీ ప్రకారం ఆ సాయంత్రమే నన్ను గ్రూపులోంచి తీసేశారు. నాకు బాధ కలగలేదు. పైగా లోలోపల ఆశపడ్డాను. ఇప్పుడు నేను ఏ కుర్చీలోనూ లేను కదా. వారం ఆగి, ఇంకా ఉద్యోగంలోనే ఉన్న ఓబులేసుకు రాశాను, ఆళ్లగడ్డలో వాన పడుతోందా, నీ లైన్లన్నీ నిద్రపోతున్నాయా అని. ‘పడుతోంది సార్. లైన్లన్నీ బాగున్నాయి సార్’ అని జవాబొచ్చింది, దండంతో సహా. ఇప్పటికీ నంద్యాలలో మబ్బు పట్టిందంటే ఫోను చేతిలోకి తీసుకుంటాను. నన్ను తిట్టేవాడి కోసం అలా చూస్తానని మా ఇంట్లోవాళ్లకు చెబితే నమ్మరు.

ఈ వృత్తిలోకి వచ్చే ఇంజనీర్లకు చెప్పగలిగింది ఒకటుంది. గడువు గ్రూపులో అడగకండి, ఫోన్ చేసి అడిగి అవతలివాడి గొంతు వినండి. లైను మీద జరిగేది చెప్పడానికి పైఅధికారికి చాలామంది ఉంటారు. అది కాని పని అని మొహం మీద చెప్పేవాడు ఒక్కడుంటే పని చెడదు, మనుషులకు దెబ్బలు తగలవు. నాకు ఒకడుండేవాడు. పదోన్నతి ఉత్తర్వు వచ్చిన రోజు అతన్ని పోగొట్టుకున్నాను. విరమణ ఉత్తర్వు అతన్ని నాకు తిరిగి ఇవ్వలేదు.