హెమీ, సెమీ

నర్సింగ్ స్కూల్లో పిల్లలు చాటుగా ఆవిణ్ణి "ముందుమాట మేడం" అంటారు. వైద్యం మాటలకు ముందు వచ్చి చేరే గ్రీకు, లాటిన్ ఉపసర్గలకు అర్థాలు చెప్పడం ఆవిడ పని. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. ఒకటి అనబోయి ఇంకోటి అంటే రోగి ప్రాణం మీదికొస్తుంది. ఏళ్ల తరబడి అదే పాఠం. ఈమధ్య నోరు దాని మానాన అది చెప్పుకుపోతుంటే, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడుతోంది.

ఒక్క 'హెమీ' దగ్గర మాత్రం ఆ నోరు ఆగిపోతుంది. బస్సు డ్రైవరుగా చేసే భర్తకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయినప్పటి నుంచీ అంతే. దాన్ని దాటేసి పక్కదానికి వెళ్లిపోతోంది.

ఒకరోజు వెనకబెంచీ అమ్మాయి లేచింది.

"మేడం, పరీక్షలో హెమీప్లీజియా అడిగారు. మాకెవ్వరికీ రాలేదు."

ఆవిడ సుద్దముక్క తీసుకుని ఆ మాటను బోర్డు మీద రాసింది.

"హెమీ అంటే సగం, గ్రీకు మాట. ప్లీజియా అంటే దెబ్బ. ఒంట్లో ఒకపక్క పడిపోవడం."

"సెమీ అన్నా సగమే కదా మేడం?"

"అది లాటిన్. గ్రీకువాళ్లు 'హ' అన్న చాలా చోట్ల లాటిన్‌వాళ్లు 'స' అంటారు. హెప్టా, సెప్టెమ్, మన సప్త. అన్నీ ఏడే. ఒక తల్లి పిల్లలే, తలో ఇంటికి వెళ్లి యాస మార్చుకున్నారు."

ఇంటికొచ్చేసరికి కాళ్లు పీకేస్తున్నాయి. ఆయన మంచమ్మీద కూర్చుని ఉన్నాడు.

"ఇవాళేం చెప్పావ్?"

"హెమీ. ఇన్నాళ్లూ ఎగ్గొడుతూ వచ్చాను."

ఆయనకు అర్థమైంది. వంకరపోయిన నోటితోనే నవ్వాడు.

"ఎందుకే పిచ్చిదానా, పిల్లలు ఫెయిలైపోరూ? గేరు చెయ్యి పోయింది, స్టీరింగు చెయ్యి మిగిలింది అని చెప్పెయ్యలేకపోయావా!"

"మీ జోకులకి మార్కులెయ్యరు," అంది. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఆయన కుడిచెయ్యి ఆవిడ వీపు మీద వేసి ఉంచాడు.

కాసేపటికి ముఖం తుడుచుకుని ఉతికిన చొక్కా తెచ్చింది. పడిపోయిన చేతిని ముందు దూర్చాలి, తర్వాతే బాగున్నది. బొత్తాలు ఆయన పెట్టుకుంటుంటే నేలమీద చతికిలబడి, గోడకి తలానించింది.

"మరి అన్నం?"

"లేస్తాలెండి. కాస్సేపు ఆగండి," అంది, కళ్లు తెరవకుండానే.