హోరు ఆగినప్పుడు

నా చిన్నప్పుడు పట్టుకున్న అలవాటమ్మా అది. ఫోన్లో ఒక మాట చెప్పి ఎందుకలా ఊరుకుండిపోతావు అమ్మమ్మా, సిగ్నల్ పోయిందనుకుని మేము హలో హలో అంటున్నాం అని మొన్న మీరిద్దరూ అడిగారు కదా. సిగ్నల్ పోలేదు. మాట చెప్పడం అయ్యాక ఆగాలని నాకు మా తాతయ్య నేర్పాడు. ఎలా నేర్పాడో చెప్పాలంటే ఒక జీపు సంగతి చెప్పాలి.

ఆ ఏడు వానలు మొదలవకముందే మా అమ్మ పోయింది. ఆసుపత్రిలో పోయింది. చివర్లో మా నాన్న ఒక్కడే దగ్గరున్నాడు, నన్ను ఇంట్లోనే ఉంచేశారు. తర్వాత చాలామంది వచ్చారు. నా తల నిమిరి ఏడ్చారు. వాళ్ళు ఏడుస్తుంటే నేను వాళ్ళ చీరల అంచులు చూస్తూ కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. అన్నం తింటే అన్నం తిన్నట్టు ఉండేది కాదు, బడిలో గంట కొడితే ఎక్కడో వేరే బడిలో కొట్టినట్టుండేది.

మా నాన్న రైల్వే వర్క్‌షాపు సైరన్‌కి వెళ్ళేవాడు, సైరన్‌కి వచ్చేవాడు. వచ్చి, ఖాకీ బట్టలు కూడా విప్పకుండా మా తాతయ్య కొట్లో బెంచీ మీద కూర్చునేవాడు. నేనూ ఆ బెంచీ మీదే ఇంకో చివర కూర్చునేదాన్ని. ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. కోపమేమీ లేదు. అమ్మ పేరు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అది ఎత్తకుండా మాట్లాడడానికి ఇంకేమీ మిగల్లేదు.

మా తాతయ్య కూడా రైల్వేలో కరెంటు పని చేసి దిగిపోయినవాడే. బెంగాలీవాళ్ళ మధ్య మా రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్ పేటలో చిన్న కొట్టు పెట్టుకున్నాడు, ముందర బ్యాటరీలు, వైరింగు పని, వెనక మా ఇల్లు. అమ్మ పోయాక వంట కూడా ఆయనే చేసేవాడు. చేతికి ఎప్పుడూ ఇంగువ వాసనో బ్యాటరీ యాసిడ్ వాసనో ఉండేది.

ఒక ఆదివారం అటవీ శాఖ వాళ్ళ జీపు వచ్చింది. సాల చెట్ల అడవుల్లో దారి లేనిచోట్ల తిరిగే జీపు. ఏనుగుల మంద దిగితే ముందుగా కబురు చెప్పడానికి అందులో వైర్‌లెస్ బిగించాలి. సెట్లు రెండు తెచ్చారు, ఒకటి జీపుకి, ఒకటి వాళ్ళ ఆఫీసుకి. తెచ్చిన డ్రైవర్ దాదా బెంగాలీ ఆయన. బండికి కొత్తగా ఆకుపచ్చ రంగు వేయించుకున్నాడు. దిగీ దిగగానే భుజం మీది తువ్వాలు తీసి బానెట్ తుడిచాడు.

తాతయ్య నన్ను పిలిచి చేతిలో గరుకు కాగితం పెట్టాడు. జీపు పక్క రేకు మీద, ఏరియల్ నిలబెట్టేచోట సుద్దతో గుండ్రంగా గీసి, ఆ గీత లోపల రంగంతా పోయేదాకా రుద్దమన్నాడు. నేను రుద్దడం మొదలుపెట్టాను. డ్రైవర్ దాదా పరుగెత్తుకొచ్చాడు.

"అరే దాదూ, నోతున్ రంగ్!" కొత్త రంగు తాతా, అని.

రంగేసిన ఇనుమూ ఉత్త ఇనుమూ ఒకటి కాదని తాతయ్య ఆయనకి బెంగాలీలో నిదానంగా చెప్పాడు. ఏరియల్ పాదం ఉత్త ఇనుముని తాకాలి, మధ్యలో రంగుంటే ఎర్త్ దొరకదు, అప్పుడు ఏనుగు వచ్చి నీ భుజం మీద తొండం వేసినా మీ ఆఫీసువాళ్ళకి తెలియదు అన్నాడు. అయినా దాదా నేను రుద్దుతున్నంతసేపూ గీత దాటుతానేమోనని పక్కనే కాపలా నిలబడ్డాడు. లోపలి ఇనుము బయటపడింది. వేలు పెడితే చల్లగా ఉంది. చల్లగా ఉందని నాకు తెలిసింది. చాలా రోజుల తర్వాత నాకు తెలిసిన సంగతి అదొక్కటే, అందుకే గుర్తుంది.

వైర్ల దగ్గర ఇంకో తగువు వచ్చింది. తాళంచెవి తిప్పితే సెట్టు వెలిగేలా, తీస్తే ఆరిపోయేలా స్విచ్చి నుంచి లాగమని దాదా అడిగాడు. తాతయ్య ఒప్పుకోలేదు. ఎరుపూ నలుపూ రెండు వైర్లూ నేరుగా బ్యాటరీ దాకా తీసుకెళ్ళాడు. రెండింటికీ బ్యాటరీ దగ్గరే ఫ్యూజులు పెట్టాడు. రేకు కన్నంలోంచి దూరేచోట అంచు కోసెయ్యకుండా రబ్బరు గుండీ తొడిగాడు. ఇంజను ప్లగ్గుల వైర్లకి దూరంగా కట్టాడు, లేకపోతే వాటి గోల మాటలోకి వస్తుందట. ఇదంతా నాకు వినిపించేలా తెలుగులో చెప్పుకుంటూ చేశాడు.

"అడివిలో బండి సచ్చిపోయిందనుకో, అప్పుడే కదమ్మీ మాట కావాల."

ఆ మాట అన్నాక చేతులు ఆగాయి. నా వైపు చూశాడు. బెంచీ మీద మా నాన్న కూడా తల ఎత్తాడు. నాకేమీ అనిపించలేదు. స్క్రూ ఇమ్మంటే ఇచ్చాను.

సాయంత్రానికి పని అయింది. రెండో సెట్టు కొట్లో బల్ల మీద పెట్టి, దాని ఏరియల్‌ని ఒక వెదురు గెడకి కట్టాడు. ఇక దూరం నుంచి మాట్లాడి చూడాలి. దాదా చేతులు స్టీరింగ్ మీద ఉండాలి కాబట్టి జీపులో నేను మాట్లాడాలట. గెడ ఒరిగిపోకుండా తాతయ్య పట్టుకోవాలి కాబట్టి కొట్లో సెట్టు దగ్గర నాన్న కూర్చోవాలట. నాన్న లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

తాతయ్య నన్ను జీపు ఎక్కించి మైకు చేతికిచ్చాడు. దాని పక్కన ఒక మీట ఉంది.

"నొక్కితే నీ మాట ఎల్తాది, ఆలదేటీ నీకినబడదు. ఒగ్గేత్తేనే ఇనబడతాది. సెప్పీసి ఒగ్గీ. ఒగ్గీసి ఆగు."

అంటే చెప్పి, మీట వదిలి, ఆగాలి. హోరు వస్తుందని కూడా చెప్పాడు. అవతల ఎవరూ మీట నొక్కకపోతే సెట్టులో వాన కురిసినట్టు హోరు. ఎవరైనా నొక్కారంటే, మాట్లాడినా మాట్లాడకపోయినా, ఆ హోరు ఆగిపోతుంది.

పూరీ గేట్ దాటి తాల్‌బగీచా వైపు వెళ్ళాం. అప్పట్లో అటంతా ఖాళీ నేలే. దాదా ఒకచోట జీపు ఆపి ఇంజను కూడా కట్టేశాడు. సెట్టు మాత్రం వెలుగుతూనే ఉంది. నేను మీట నొక్కి, తాతయ్య చెప్పమన్నట్టు ఒకటి రెండు మూడు అన్నాను. వదిలేశాను. హోరు ఆగింది. మా నాన్న గొంతు వచ్చింది.

"ఇనబడతన్నాదమ్మా."

అంతే, మళ్ళీ హోరు. పరీక్ష అయిపోయింది. దాదా తాళంచెవి మీద చెయ్యి వేశాడు. నేను మళ్ళీ మీట నొక్కాను. ఎందుకు నొక్కానో ఇప్పటికీ చెప్పలేను. ఎదురుగా ముఖం లేదు, డబ్బాలో గొంతు ఒక్కటే ఉంది, దాదాకి తెలుగు రాదు, బహుశా అందుకేనేమో. ఎప్పుడూ అడగనిది అడిగాను.

"నాన్నా, అమ్మ ఆకర్న నన్ను అడిగినాదా?"

వదిలేశాను. ఆగాను.

హోరు. దాదా నా ముఖం చూసి తాళంచెవి మీంచి చెయ్యి తీసేశాడు. తర్వాత హోరు ఆగిపోయింది. మాట లేదు. కొట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మా వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు వినిపించింది. ఊపిరి వినిపించింది. మళ్ళీ హోరు. మళ్ళీ ఆగింది. ఈసారి ఇంకా చాలాసేపు ఆగింది. మా నాన్న మీట నొక్కి పట్టుకుని అలాగే ఉన్నాడు. నేను మైకుని చెవికి ఆనించుకున్నాను, మాట వచ్చేది దాంట్లోంచి కాదని తెలిసి కూడా. చివరికి గొంతు వచ్చింది, అది నాన్న గొంతులా లేదు.

"ఇంటికొచ్చీ అమ్మా."

అప్పుడు మైకుని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకున్నాను, మీట మాత్రం నొక్కలేదు. ఏడుపు అప్పుడూ రాలేదు. దాదా నెమ్మదిగా, గుంతలు తప్పించుకుంటూ తీసుకొచ్చాడు.

కొట్టు ముందు దిగేసరికి తాతయ్య ఇంకా వెదురు గెడ పట్టుకునే నిలబడి ఉన్నాడు. అది కిటికీ ఊచలకి పైనా కిందా తాడుతో గట్టిగా బిగించి కట్టి ఉంది. దాన్ని ఎవరూ పట్టుకోనక్కరలేదు. నేను ఆ తాడు వైపు చూశాను, ఆయన నన్ను చూసి గెడ వదిలేశాడు. నాన్న బెంచీ మీద కూర్చున్నాడు, ఈసారి మధ్యలో. నేను పక్కన కూర్చుంటే నా చేతికి అంటిన ఆకుపచ్చ పొడి తన చొక్కా అంచుతో తుడిచాడు.

తర్వాత మా నాన్న చాలా ఏళ్ళు బతికాడు. మీ అమ్మని ఎత్తుకున్నాడు, ఆడించాడు. అమ్మ పేరు ఎత్తేవాడు కూడా, అమ్మ చేసే చేపల పులుసు గురించి చెప్పేవాడు. నేను జీపులోంచి అడిగిన ఆ ఒక్క సంగతి ఆయన చెప్పలేదు, నేను రెండోసారి అడగలేదు. అవతల మనిషి మీట నొక్కి పట్టుకుని ఉండగా నేను కూడా నొక్కితే ఎవరికీ ఏమీ వినబడదు కదా.

అందుకే మీతో మాట్లాడేటప్పుడు ఒక మాట చెప్పి ఆగుతాను. మీ ఫోన్లలో ఆ హోరు లేదు, అవతల ఎవరైనా మాట రాక నొక్కి పట్టుకుని ఉన్నారో, అసలు లేరో నాకు తెలియదు. కాబట్టి మీరు హలో హలో అనకుండా ఉన్నా నేను పెట్టెయ్యను. ఆగుతాను.

నాన్న కూడా పోయాడు. ఇప్పుడిక చెప్పేవాళ్ళు లేరు. మా అమ్మ ఆఖర్న నన్ను అడిగిందా?