మా కారును పొడిచిన తెల్లెద్దు

బోధన్‌లో చెరుకు సీజన్ వచ్చిందంటే ఊరంతటికీ రెండు సంగతులు తప్పవు. ఒకటి, గాలి ఇటు తిరిగినప్పుడల్లా ముక్కుకు పట్టేసే చెరుకు మడ్డి వాసన. రెండోది మసి. చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి సన్నటి నల్లపొట్టు లేచి, ఆరేసిన ధోవతుల మీద, మూత పెట్టని పాలగిన్నెలో, పిల్లల నెత్తుల మీద రాలేది. ఆడవాళ్లం తిట్టుకుంటూ ఉతికిన బట్టే మళ్లీ ఉతికేవాళ్లం. మా ఆయనకు ధోవతి మీద మసి పడినా పట్టేది కాదు. కారు మీద పడితే మాత్రం ప్రాణం పోయేది.

కారు కొత్తదేమీ కాదు. హైదరాబాదులో ఎవరో వకీలు వాడి వాడి వదిలించుకున్న నల్ల అంబాసిడర్. బజారులో మాకు బట్టల దుకాణం ఉండేది. అరవైల చివర్లో వ్యాపారం కాస్త ఊపందుకుంటే, ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా పోయి కొనుక్కొచ్చాడు. మా గల్లీలో అదే మొదటి కారు. పొద్దున లేచి పళ్లు తోముకోకముందే దాని దగ్గరికి చేరేవాడు. దుకాణంలో బట్టల తాను చివర మిగిలిన మెత్తటి గుడ్డ ముక్క మీద కొబ్బరినూనె చుక్కలు వేసి, తలుపుల్లో తన మొహం కనబడేదాకా రుద్దేవాడు. మీసం దువ్వుకోవడం కూడా దాంట్లో చూసుకునే. పెళ్లయి అన్నేళ్లయినా నా మొహం వంక ఒక్కనాడు అంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు మహానుభావుడు.

దాన్ని పెట్టడానికి ఇంట్లో జాగా లేదు. గల్లీలోనే మా గోడ పక్కన నిలబెట్టేవాడు. ఆ గోడకు అవతల పక్కింటివాళ్ల పశువుల కొట్టం. వాళ్ల ఎడ్లు బయటికి రావాలన్నా లోపలికి పోవాలన్నా మా కారు పక్క నుంచే దారి.

పక్కింటివాళ్లు వ్యవసాయం చేసుకునేవాళ్లు. ఊరి బయట కాలువ కింద చెరుకు, కొంచెం వరి, రెండెడ్లు, ఒక బర్రె, ఒక బండి. నాది రుద్రూర్ దిక్కు పల్లె. మాదీ వ్యవసాయపు ఇల్లే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గల్లీలో నన్ను మొదట పలకరించింది పక్కింటాయనే. "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగి, నేను చెప్పగానే, "మా అవ్వగారి దిక్కే గద! అయితె నువ్వు నాకు చెల్లెవు, పో" అని తీర్మానం చేసేశాడు. ఆనాటి నుంచి ఆయన నాకు అన్న, ఆయన భార్య వదిన, మా ఆయన ఆయనకు బావ. వట్టి పిలుపులకే కాదు. మా పెద్దవాడు కడుపులో పడినప్పుడు మా పుట్టింటివాళ్ల కంటే ముందే చీర పెట్టింది వాళ్లు. అంత చేసినాయన కాబట్టి మా ఆయనతో సరసాలాడే హక్కు కూడా సంపాదించుకున్నాడు. "బావా, కారు మొహం కడిగినవ్ సరే, నీ మొహం ఎప్పుడు కడుగుతవ్?" అని కొట్టంలోంచి కేకేసేవాడు. మా ఆయన విననట్టు తుడుచుకునేవాడు.

ఒకరోజు పొద్దున అన్న ఎడ్లను బండికి కట్టడానికి తోలుకొస్తున్నాడు. రెండూ తెల్లవే. అందులో ఎడమ పక్కన కట్టేది కొంచెం పొగరుమోతు. దూడప్పటి నుంచి వాళ్లింట్లోనే పెరిగింది. వదిన చేతి జొన్నరొట్టె ముక్క తింటే తప్ప కాడి కింద మెడ పెట్టేది కాదు. మా ఆయన అప్పుడే తుడవడం ముగించి, రెండడుగులు వెనక్కి జరిగి, తన పనితనం చూసి మురిసిపోతున్నాడు. ఎద్దు కారు పక్కకు వచ్చి ఆగింది. తలుపులో ఇంకో తెల్లెద్దు. ఇది తల ఊపింది, అదీ ఊపింది. ఇది కాలితో నేల దువ్వింది, అదీ దువ్వింది. ఇంకేముంది, ఒక్క పొడుపు పొడిచింది.

తలుపు మీద గిన్నె పట్టేంత సొట్ట పడింది. చప్పుడుకు గల్లీ అంతా బయటికొచ్చింది. అన్న ఎద్దు కొమ్ములు పట్టుకొని వెనక్కి నెట్టాడు. "అయ్యో, అయ్యో" అంటూ సొట్ట మీద చెయ్యి పెట్టి తడిమి చూశాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తరవాతే ఆయన నోరు ఊరుకోలేదు.

"బావా, తప్పు ఎద్దుది గాదు, నీదే! గంత మంచిగ తుడుస్తె దానికి పాలోడు కనవడ్డడు!"

ఎద్దుకు దాయాది కనబడ్డాడన్న మాటకు గల్లీ గల్లీ పకపకా నవ్వింది. అబద్ధమెందుకు, నేనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వాను. మా ఆయన దుకాణంలో కూర్చుంటే నలుగురూ సేటు, సేటు అని వంగి మాట్లాడే మనిషి. ఆ నవ్వులకు మొహం కందగడ్డ అయిపోయింది. "నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి" అని చొక్కా తొడుక్కొని విసవిసా వెళ్లిపోయాడు.

దుకాణానికే పోయాడనుకున్నాను. బెదిరిన ఎద్దును అన్న కొట్టంలోనే కట్టేసి, చెరుకు కోతవాళ్ల దగ్గరికి నడిచిపోయాడు. పొద్దెక్కేసరికి బందెలదొడ్డి జవాను వచ్చాడు. పరాయి చేలల్లో పడి మేసే పశువులను పట్టి పెట్టే దొడ్డి అది. జరిమానా కడితేగాని వదలరు. గోడ మీది నుంచి వదిన గొంతు వినబడి నేను తొంగి చూశాను.

"ఎవల చేను మేసిందయ్యా మా ఎద్దు? కట్టు మీదికెల్లి ఇప్పుకపోతవా?"

"నాకేమెరుక అవ్వా? సేటు ఫిర్యాదు ఇచ్చిండు, నేను తీస్కపోతున్న."

వదిన నా వైపు చూసింది. నేను గోడ పట్టుకొని అట్లాగే ఉండిపోయాను. జవాను పట్టపగలు, బజారు నడుమ నుంచి, మెడలో గంటలతో సహా ఆ ఎద్దును దొంగను నడిపించినట్టు నడిపించుకుపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బందెలదొడ్డి అంటే ఏమిటో పల్లెలో పుట్టినదాన్ని, నాకు తెలుసు. పశువు దొడ్డికి పోయిందంటే, దాన్ని పెంచినవాడు దొంగమేత మేపేవాడని ఊరంతా దండోరా వేసినట్టే. మా చిన్నాయన బర్రె ఒకసారి దొడ్డికి పోతే, విడిపించుకొచ్చిన తరవాత కూడా చాలా రోజులు ఆయన నలుగురిలోకి రాలేదు. మేము పిల్లలం కూడా బడిలో తల దించుకొని తిరిగాం.

మధ్యాహ్నం మా ఆయన అన్నానికి రాగానే పట్టుకున్నాను.

"గదేం పని? అది ఎవని చేను మేసింది?"

"నా కారు మేసింది" అన్నాడు, కాళ్లు కడుక్కుంటూ.

"గల్లీల ఆయనకు ఇజ్జత్ లేదా? బందెలదొడ్డి అంటె ఏమనుకుంటున్నవ్?"

"ఏమనుకునేది ఏముంది? జుర్మానా కడితె ఇడుస్తరు. దానికింత లొల్లి ఎందుకు? నవ్వినోళ్లకు కొంచెం తెలివి రావాలె గద."

ఆయన్ను అన్యాయంగా తిట్టుకోకూడదు. నిజామాబాదులో దుకాణం మీది మేడలో పుట్టి పెరిగినవాడు. పశువంటే పొద్దున చెంబులో వచ్చే పాలే ఆయనకు. నేను ఎంత చెప్పినా అది కరెంటు బిల్లు కట్టడం లాంటి పనే అనుకున్నాడు. "మీ పల్లెటూరి పట్టింపులు" అని నవ్వి, అన్నం తిని, ఒక కునుకు కూడా తీశాడు.

సాయంత్రం అన్న పొలం నుంచి వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండేది. గోడ దగ్గరికి వచ్చి నాతోనే నెమ్మదిగా చెప్పాడు.

"చెల్లె, జుర్మానా కడితె నా ఎద్దు దొంగదని నేనే ఒప్పుకున్నట్టయితది. నేను కట్ట. బావకు చెప్పు."

"చెరుకు కోసి పెట్టినవ్ గదన్నా" అన్నాను.

"పెట్టిన. ఎండుతది, ఏం జేస్త మరి."

ఫ్యాక్టరీకి చెరుకు తోలే వంతు ఆయనకు వచ్చింది, చెరుకు కోసి గట్టు మీద కుప్ప వేసి ఉంది. కోసిన చెరుకు ఎండకు నీరు ఆరిపోయి తూకం పడిపోతుంది. రెండో ఎద్దు ఒక్కటే బండి లాగదు. పోనీ ఇంకో ఎద్దును అడిగి తెచ్చుకుందామంటే సీజన్‌లో ఊళ్లో ప్రతి ఎద్దూ ఎవరో ఒకరి బండికి కట్టి ఉంటుంది. ఇవన్నీ తెలిసి కూడా ఆయన జరిమానా కట్టలేదు.

మర్నాడు పొద్దున వదిన ఎప్పటిలాగే గోడ మీది నుంచి చల్ల గిన్నె అందించింది. మా పిల్లలకు ఆ ఇంటి బర్రె చల్లే అలవాటు. "పిల్లగాండ్లకు" అన్నది. నా మొహం మాత్రం చూడలేదు. తిట్టినా, చల్ల మానేసినా నేను తట్టుకునేదాన్ని. ఆ గిన్నె చేతిలో పట్టుకొని నిలబడితే చెంప మీద కొట్టినట్టయింది. ఆ చల్ల నా పిల్లలకు పొయ్యడానికి నాకు చేతులు రాలేదు.

రెండో రోజు కూడా అట్లాగే గడిచేసరికి నా ఓపిక అయిపోయింది. దుకాణానికి బయల్దేరుతున్న మనిషికి అడ్డం నిలబడ్డాను.

"ఇయ్యాల నువ్వు పోయి ఇడిపిస్తవా, నన్ను పొమ్మంటవా? సేటు పెండ్లాం బజార్లకెల్లి ఎద్దును గుంజుకొస్తుంటె అందరు చూస్తరు. గప్పుడు నవ్వుతరు అసలు నవ్వు."

అన్నంత పనీ చేస్తానని ఆయనకు తెలుసు. నా నోరు అంటే ఆయనకు ఎప్పుడూ కొంచెం భయమే. గొణుక్కుంటూ పోయి, మా గల్లీ చివర ఉండే పెద్ద సాబును పిలుచుకొచ్చాడు. కచేరీలో పనిచేసి దిగిపోయిన ముసలాయన. గల్లీలో ఎవరి తగవైనా ఆయన మాటతో సద్దుమణిగేది. ఆయన అన్నను పిలిపించాడు, మా ముందు గదిలో ముగ్గురూ కూర్చున్నారు. అన్న కుర్చీ వద్దని గోడకు ఆనుకొని చాప మీద కూర్చున్నాడు. అంతకు ముందు మా ఇంటికి వస్తే కాలు మీద కాలు వేసుకొని కుర్చీలోనే కూర్చునే మనిషి.

"అరే భాయ్, గోడకు గోడ ఉన్నోళ్లు. గీ చిన్న బాత్‌కు ఇంత దూరమా?" అన్నాడు పెద్ద సాబు.

"మా ఎద్దు పొడిచింది నిజం. తప్పే. సొట్ట నేను తీపిస్త" అన్నాడు అన్న.

"సొట్ట నేనే తీపిచ్చుకుంట. ఎద్దును ఇయ్యాలనే ఇడిపిస్త, జుర్మానా నాది" అన్నాడు మా ఆయన. అప్పటికి ఆయన మనసు కూడా మెత్తబడింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. గబగబా చాయ్ పెట్టి తెచ్చాను. పెద్ద సాబు తాగి, టోపీ సర్దుకొని లేవబోయాడు. అంతటితో ఆగొచ్చు కదా! లెక్క పూర్తిగా తేలందే గల్లా మూయని దుకాణదారు బుద్ధి.

"గని ఒక్క మాట. రేపు మళ్ల పొడిస్తె ఎట్ల?"

"పొడువది" అన్నాడు అన్న.

"ఎట్ల జెప్తవ్? పశువు గద అది."

"పొడువది అంటున్న గద సేటు."

వాళ్లు వెళ్లిపోయాక మా ఆయన మొహం తేటపడింది. "అయిపాయె గద, ఇగ గా ఏడుపు మొఖం తీసెయ్" అన్నాడు.

"నిన్ను బావ అనలే. ఇన్నవా?"

"సేటంటె ఏం తక్కువైంది? ఊరంతా గదే అంటది" అన్నాడు.

ఎద్దు ఇంటికొచ్చింది. బండి కదిలింది. ఎండిన చెరుకు ఎంత తూగిందో మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఆ రోజు నుంచి అన్న ఎద్దును కొట్టంలోంచి బయటికి తెచ్చే ముందు దాని మొహం మీద గోనెసంచి కప్పేవాడు. పగ్గం దగ్గరగా పట్టుకొని, మెల్లగా మాట్లాడుకుంటూ కారు దాటించి, మలుపు దగ్గర సంచి తీసేవాడు. పొద్దున అంతే, సాయంత్రం అంతే. ఒక్క సరసం లేదు, కేక లేదు. ఆ వేళకు నేను తలుపు దగ్గర ఉంటే లోపలికి తప్పుకునేదాన్ని. మా ఆయన మాత్రం "గీ పని మొదలే జేస్తె అయిపోవు గద" అని మెచ్చుకున్నాడు. పొడువది అని అన్న ఇచ్చిన మాటకు అర్థం ఆ సంచే అని నేనూ అనుకున్నాను.

సీజన్ ముగిసింది. ఒక పశువుల అంగడి రోజు అన్న ఆ ఎద్దును తోలుకుపోయి, సాయంత్రం వట్టి పగ్గంతో తిరిగొచ్చాడు. వదిన కొట్టంలో మూలకు కూర్చొని ఉంది. ఏమైందని నేను అడిగితే "అమ్మిండు" అన్నది, అంతే. ఇంట్లోకి ఉరికి మా ఆయనకు చెప్పాను. పాపం, నిజంగానే అదిరిపడ్డాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ల వాకిట్లోకి పోయాడు. వెనకనే నేను.

"నేను అమ్మమన్ననా? నన్ను ఒక్క మాటన్న అడుగకపోతివి!"

"నువ్వే అడిగినవ్ గద సేటు, మళ్ల పొడిస్తె ఎట్ల అని" అన్నాడు అన్న. ఆ గొంతులో కోపం లేదు. "శాన ఆలోచన జేసిన. ఎన్ని దినాలని సంచి కప్పుత? అది పశువు, దానికి తెల్వది. మాటిచ్చినోన్ని నేను."

"ఎవలకు అమ్మినవ్? చెప్పు. నడువ్, ఇప్పుడే కార్ల పోదాం. ఎంతయినా సరే, నేనే కొని తెస్త."

"దెగ్లూరు దిక్కు మరాఠీ బేరగాడు. తెలుగు గూడ రాదు ఆయనకు. ఊరు తెలుస్తది, ఎతికితె దొరుకుతడు" అన్నాడు అన్న. చేతిలో పగ్గం చుట్ట చుట్టి కొయ్యకు తగిలించాడు. "గని అద్దు సేటు. తెస్తె మళ్ల నీ కారు ముంగట్నుంచే గద తేవాలె."

మా ఆయన, అంత పెద్ద మనిషి, ఉత్త కాళ్లతో ఆ పేడ వాకిట్లో నిలబడి నా వంక చూశాడు. నన్ను చూసి ఏం లాభం? వదినను ఇక వదినా అని ఏ మొహం పెట్టుకొని పిలవను? నన్ను చెల్లె అన్న ఇంటికి నేను చేసిన మేలు ఇది. ఆ సిగ్గుతోనే ఇద్దరం ఇంటికి వచ్చాం, కారు పక్క నుంచే.