రాహేలు నడిపిన ఇంజను

ప్రకాశం కళ్ళు పూర్తిగా పోయేనాటికి ఆవిరితో నడిచే బొమ్మ రైలింజనుకు ఇంకా గ్యాస్ బర్నరు బిగించాల్సి ఉంది. ఏడేళ్ళుగా కడుతున్నాడు దాన్ని. హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో వాళ్ళుండే రెండు గదుల ఇంట్లో, వంటగది గోడకు ఆనించిన బల్ల ముందు, డ్యూటీ దిగి వచ్చాక రోజూ కూర్చునేవాడు. రాగి బాయిలరు, ఇత్తడి చక్రాలు, పొగగొట్టం, అన్నీ కలిపి మూరెడు పొడవు. లోకో షెడ్డులో పాతికేళ్ళు పెద్ద ఇంజన్ల బాయిలర్లు బాగుచేసిన ఫిట్టరతను. బొమ్మే కదా అని ఎక్కడా ఒక్క అతుకు కూడా తేలిగ్గా వేయలేదు.

నీటికాసుల జబ్బు అని డాక్టర్లు చెప్పేసరికే ఆలస్యమైంది. డెబ్బై తొమ్మిదిలో అతన్ని బాయిలరు పని నుంచి తప్పించి స్టోర్సు గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆ స్టూలు దాకా కూడా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇల్లే.

వాళ్ళకు పిల్లల్లేరు. భార్య రాహేలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయా. ఆమె పొద్దున వెళ్ళేటప్పుడు మంచం మీద ఎక్కడ కూర్చుని ఉండేవాడో, మూడింటికి తిరిగొచ్చేసరికి అక్కడే ఉండేవాడు. గిన్నెలో అన్నం సగం అలాగే మిగిలేది. అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప తనంతట తాను మాట్లాడటం మానేశాడు.

ఒకరోజు ఆమె వచ్చేసరికి ఇంజనును ఒళ్ళో పెట్టుకుని, చక్రాలు ఒక్కొక్కటే వేలితో తిప్పుతూ కనిపించాడు. ఆమె చెప్పులు విడవకుండానే గడపలో నిలబడి చూసింది.

"నడిపిద్దామా దీన్ని?" అంది.

"ఎవరు నడుపుతరు? ప్రెషర్ సూది ఎవరు చూస్తరు?"

"నేను చూస్త. రోజు థర్మామీటర్ చూస్తలేనా?"

ఆ రాత్రి ప్రకాశం అన్నం మిగల్చలేదు.

షెడ్డులో అతనితో కలిసి పనిచేసిన బాబురావు లాల్‌దర్వాజా నుంచి రెండు ఆదివారాలు వచ్చి బర్నరు బిగించాడు. సిగరెట్ లైటర్లలో నింపే గ్యాస్ డబ్బాలు చార్మినార్ దగ్గర దొరికాయి. ఇంటి ముందు షాబాదు బండల మీద పట్టాలు గుండ్రంగా పరిచారు. నల్లా నీళ్ళు పోస్తే బాయిలరులో సున్నం పేరుకుంటుందని, బ్యాటరీల షాపులో అమ్మే నీళ్ళు తెప్పించాడు ప్రకాశం. బాయిలరు నిండా పోసి, ఆవిరికి చోటు ఉండేలా కొంచెం వెనక్కి లాగెయ్యాలన్నాడు. దానికి ఆసుపత్రిలో పనికిరాదని పక్కన పడేసిన గాజు సిరంజి ఒకటి రాహేలు తెచ్చుకుంది.

మొదటిసారే తప్పు జరిగింది. అగ్గిపుల్ల వెలిగించి పొగగొట్టం దగ్గర పెట్టి, ఆ తర్వాతే గ్యాస్ తిప్పాలని అతను చెప్పాడు. ఆమె కంగారులో గ్యాస్ ముందు తిప్పింది. మొదటి పుల్ల విరిగింది. రెండోది చెమ్మగిల్లి అంటుకోలేదు. మూడోది అంటుకునేలోపు లోపల నిండిన గ్యాస్ ధబ్బుమంటూ మంటై బయటికి తన్నింది.

ప్రకాశానికి ఆ చప్పుడు మాత్రమే వినబడింది. "రాహేలూ, రాహేలూ" అంటూ బండల మీద మోకాళ్ళతో పాకుతూ వచ్చాడు. ముందు అతని చేతికి తగిలింది నీళ్ళ డబ్బా. అది పడిపోయింది. తర్వాత ఆమె భుజం, ముఖం. కనుబొమ్మ మీద వెంట్రుకలు కాలిన వాసన వేసింది. కుడిచేతి రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ చేతిని నీళ్ళ బకెట్లో ముంచి, తన చేతితో అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"బాబురావుకు చెప్త. తీస్కపోయి పాత సామాన్లు కొనేటోనికి ఇచ్చేస్తడు" అన్నాడు. "నా ముచ్చటకు నీ చెయ్యి కాల్చుకుంటవా?"

"తప్పు నేను చేసిన. ఇంజన్ చెయ్యలే. మొదటికెల్లి చెప్పు, నోటికి పట్టుకుంట."

బొబ్బలు మానేదాకా అదే పని. వంట చేస్తూ, బట్టలు పిండుతూ ఆమె వరుస అప్పజెప్పేది, అతను వినేవాడు. నీళ్ళు. నూనె. గ్యాస్ అన్నిటికన్నా ఆఖర్న, ఆరుబయటే, దగ్గర్లో ఏ నిప్పూ లేకుండా. సేఫ్టీ వాల్వుకు చెయ్యి పెట్టకూడదు, ఎంత అరిచినా దాన్ని బిగించకూడదు. పొగగొట్టం మీదికి ముఖం వంచకూడదు, వేడినీళ్ళు చిమ్ముతాయి.

"గ్యాస్ నింపేటప్పుడు కొంచెం బయట పడ్తది. గాలికి పోనియ్యాలె. అప్పటిదాంక పుల్ల ముట్టద్దు" అన్నాడు.

"ఎంతసేపు?"

"పరలోక ప్రార్థన ఒకసారి చదువుకో. ఆమేన్ అన్నంక గీయి."

ఎనభై ఒకటి ఆగస్టులో ఇంజను నడిచింది. రాహేలు సూది వంక చూస్తూ "ఇరవై... ముప్పై..." అని చెబుతూ వచ్చింది. నలభై పౌండ్ల దగ్గర సేఫ్టీ వాల్వు బుస్సుమంది. "అదే, కరెక్ట్" అన్నాడు ప్రకాశం. ఇంజను పట్టాల మీద తిరుగుతుంటే దాంతోపాటే అతని తల కూడా మెల్లగా తిరిగింది. ఎడమ సిలిండరు కొంచెం బిగుతుగా ఉందని, చప్పుడు విని చెప్పాడు. అదే నిజమని బాబురావు తర్వాత విప్పి చూసి ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి ఆదివారం చర్చి నుంచి రాగానే అదే పని. ఒకసారి గ్యాస్ అయిపోయి ఇంజను ఆగగానే, ఇంకో డబ్బాలోంచి గ్యాస్ నింపి మళ్ళీ నడపమన్నాడు ప్రకాశం.

"కాలుతున్నది. సల్లారినంకనే."

"గ్యాస్ కొంచెమే పొయ్యి, ఏం కాదు."

"బాయిలర్ల నీళ్ళు కూడ అయిపోయి ఉంటయి. నువ్వే చెప్పినవు. నేను పొయ్య."

ప్రకాశం నవ్వాడు. రెండేళ్ళలో ఆమె విన్న మొదటి నవ్వు అది.

ఎనభై మూడు డిసెంబరులో అతనికి నిమోనియా పట్టుకుంది. ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చింది. ఐదో రోజు సాయంత్రం తన చేతులతోనే థర్మామీటరు పెట్టి చూసింది. నూట నాలుగు దాటింది.

"సూది యాడున్నది?" అన్నాడు ప్రకాశం, ఆయాసపడుతూ.

"తొంభై తొమ్మిది."

"మంచిగ చూసినవా?"

"చూసిన."

అతను ఆమె చేతిని తడిమి, కాలిన మచ్చలున్న ఆ రెండు వేళ్ళు పట్టుకున్నాడు. తెల్లారేసరికి లేడు. అబద్ధం చెప్పినందుకు ఆమె చాలా రోజులు మనసులోనే కుమిలింది. నిజం చెప్పి ఉంటే మాత్రం ఏమయ్యేదో ఆమెకూ తెలియదు.

మార్చిలో బాబురావు వచ్చాడు. షెడ్డులో ఆఖరి ఆవిరి ఇంజనును పంపించేస్తున్నారు.

"సభ పెడ్తున్నం వదినా. అన్న చేసిన ఇంజన్ అందరి ముందట ఒక్కసారి నడిపియ్యాలె. నీకు తప్ప ఎవ్వరికీ రాదు."

"నాతోని కాదు."

బాబురావు బలవంతం చేయలేదు. ఇచ్చిన చాయ్ తాగి, గుమ్మం దాకా వెళ్ళాక ఆమే పిలిచింది. "ఎన్నింటికి?"

షెడ్డు బయట ఖాళీ జాగాలో పట్టాలు పరిచారు. రాహేలు తెల్లచీర కట్టుకుని వచ్చి కింద కూర్చుంది. చుట్టూ మూగిన వాళ్ళ వంక తల ఎత్తి చూసి, "బీడీలు ఆర్పేయండి, నాలుగు అడుగులు ఎనుకకు జరగండి" అంది. కుర్చీలో ఉన్న ఆఫీసరు కూడా సిగరెట్ ఆర్పేశాడు. నీళ్ళు పోసి, సిరంజితో కొంచెం లాగి, నూనె పోసి, గ్యాస్ నింపింది. డబ్బా దూరంగా పెట్టించి, కళ్ళు మూసుకుని పెదవులు కదిలించింది. భర్త కోసం ప్రార్థన చేస్తోందనుకుని అందరూ టోపీలు తీసి నిలబడ్డారు. ఆమేన్ అని పుల్ల గీసింది.

"ఇరవై" అంది సూది చూస్తూ. "ముప్పై." వాల్వు బుస్సుమన్నప్పుడు "నలభై" అని గట్టిగానే అంది. చప్పట్లు మోగాయి. ఆమె అలాగే వింటూ ఆగింది. అందులో ఆమెకు కావలసిన "కరెక్ట్" అన్న మాట లేదు. ఇంజనును పట్టాల మీద వదిలింది.

పది నిమిషాలు తిరిగి ఆగింది. ఆఫీసరు లేచి వచ్చి, దీన్ని ఆఫీసులో అద్దాల బీరువాలో పెడదామన్నాడు. "ముందు సల్లారాలె సార్" అంది రాహేలు. తర్వాత అందరూ పెద్ద ఇంజనును సాగనంపడానికి అటు వెళ్ళిపోయారు. బాబురావు ఒక్కడే ఆమెకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

బాయిలరు చల్లబడటానికి గంట పట్టింది. అంతసేపూ ఆమె ఏడ్చింది. అంత్యక్రియల నాడు కూడా అంతగా ఏడవలేదు. చివరికి బాబురావు బాయిలరును వేలితో తాకి చూసి, మిగిలిన నీళ్ళు వంచేసి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టాడు.

"బీరువాల పెడ్తరంట. ఏం చెప్పమంటవ్ వదినా?"

"వాళ్ళకు నడిపిచ్చుడు రాదు. తాళమేసి పెడ్తరు" అంది. "ఇంటికి తీస్కపోదాం."

ఇద్దరూ పెట్టె చెరోవైపు పట్టుకుని రిక్షా దగ్గరికి నడిచారు. ఆ తర్వాత రాహేలు ఇంజనును వెలిగించలేదు. ఏటా వానలు తగ్గాక మాత్రం పెట్టె తెరిచి, చక్రాలకు నూనె రాసి, ఒక్కొక్కటే తిప్పి చూసేది.